మేడలోని భయం
(ముందుమాట)

కాలిన అడవిని చూపిస్తే జనం జడుసుకుంటారని రోజర్ కార్మన్ లెక్క. 1960లో ఎడ్గార్ అలెన్ పో కథ ‘అషర్ మేడ పతనం’ని సినిమాగా తీస్తున్నప్పుడు, హాలీవుడ్ పక్క కొండల్లో కార్చిచ్చు రేగిందని తెలిసింది. మంట ఆరీ ఆరకముందే కెమెరానీ, గుర్రాన్నీ, నటుణ్ణీ అక్కడికి తరలించాడు. బూడిద పట్టిన నేల, నల్లటి మోళ్ళు, వాటి నడుమ మేడ వైపు సాగే ఒంటరి రౌతు. సెట్టు వేయాలంటే డబ్బు నీళ్ళలా పోయే దృశ్యం దాదాపు ఊరకే చేతికొచ్చింది. అరవై ఏళ్ళు దాటినా గోథిక్ సినిమాల గురించి మాట్లాడేవాళ్ళు ఆ మొదటి నిమిషాలను తలుచుకోకుండా ఉండరు.

భద్రాచలానికి అవతల, అడవి అంచున ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలలో ఈ దృశ్యం తెర మీద పడ్డప్పుడు కొండరెడ్ల పిల్లవాడొకడు లేచి నిలబడి, “టీచర్, ఈళ్ళు ఇత్తనాలు ఎప్పుడు జల్లుతరు?” అని అడిగాడట.

ఈ పుస్తకం ఆ ప్రశ్నలోంచి పుట్టింది. పోడు కొట్టి, ఎండబెట్టి, వేసవిలో కాల్చి, తొలకరి కోసం ఆకాశం వైపు చూసే ఇళ్ళలోని పిల్లలకు కాలిన కొండ అంటే రాబోయే జొన్న, సామ, కంది. అందులో భయపడటానికి ఏముంది? వాళ్ళు భయపడింది ఆ తర్వాత. రౌతు గుర్రం దిగి తలుపు తట్టి లోపలికి అడుగు పెట్టాక. ఇంత పెద్ద ఇంట్లో ఇంత కొద్దిమందేనా అని ఒకరు, అన్ని తలుపులూ ఎందుకు మూసిపెట్టారని మరొకరు గుసగుసలు మొదలుపెట్టారట. అంటే పో ఎక్కడ భయపడమన్నాడో సరిగ్గా అక్కడే భయపడ్డారు. సినిమా కంపెనీవాళ్ళు ఇందులో రాక్షసుడేడీ అని అడిగితే, ఈ ఇల్లే రాక్షసుడని కార్మన్ నచ్చజెప్పాడని చెబుతారు. మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

రచయిత్రి నా దగ్గర డిగ్రీ చదివింది. మధిర వైపు పల్లె. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, ప్రబంధంలోని పురవర్ణన చెబుతుంటే “ఆ ఊళ్ళో కూలోళ్ళ ఇళ్ళెక్కడ సార్?” అనేది. తర్వాత ఇంగ్లీషు టీచరై ఏజెన్సీకి పోయింది. పోస్టింగు వచ్చిన కొత్తలో అందరిలాగే బదిలీ కోసం కాళ్ళరిగేలా తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. పిల్లలకు ఇంగ్లీషు చెవిన పడాలని పాత సినిమాలు చూపించడం మొదలుపెట్టి, తను ఈ దారిలో పడింది. ఎనిమిదో తరగతి వాళ్ళకు దెయ్యం సినిమాలేమిటమ్మా అని మందలించాను. “ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు సార్. ఆడపిల్లలే వచ్చి నాకు తోడు పడుకున్నరు” అంది. ఇక నేనేం మాట్లాడతాను!

ఈ వ్యాసాల్లో మొదట మెచ్చుకోవలసింది, చవకతనాన్ని ఈమె చూసిన తీరు. చవక సినిమా అనగానే మనకు వెక్కిరింత వస్తుంది. ఈమె బడ్జెట్టు కాగితం పట్టుకుని కథలోకి నడిచింది. ‘అషర్’ని పదిహేను రోజుల్లో తీశారు. ఖర్చు మూడు లక్షల డాలర్ల లోపే. రంగుల్లో, వెడల్పాటి తెరకు తీసిన సినిమాకి హాలీవుడ్‌లో అది చిల్లర కింద లెక్క. స్టూడియోల గోదాముల్లో పడి ఉన్న పాత సెట్టు ముక్కలను డేనియల్ హాలర్ కొని తెచ్చి అతికించి మేడ కట్టాడు. అతుకులు కనబడకుండా పొగమంచు. రిచర్డ్ మాథెసన్ స్క్రీన్‌ప్లేలో మనుషులు నలుగురే. నలుగురూ ఒకే ఇంట్లో ఇరుక్కుపోయారు. డబ్బుంటే ఆ ఇంటి చుట్టూ ఊరు పుట్టేది, సంత పుట్టేది, హీరోకి స్నేహితుడొకడు తగిలేవాడు. లేకపోవడం వల్ల పో రాసుకున్న ఇరుకు చెక్కుచెదరకుండా తెర మీదికొచ్చింది. పేదరికం కళను పెంచుతుందన్న పాచిమాట జోలికి ఈమె పోలేదు. ఏ కథకు ఏ లోటు కలిసొచ్చిందో, ఎక్కడ కలిసిరాలేదో విడివిడిగా చూపించింది.

మంట కథ మరీ బాగుంది. పో రాసిన దాంట్లో నిప్పు లేదు. ఇల్లు నిలువునా చీలి, ముందున్న మడుగులోకి కుంగిపోతుంది. కార్మన్‌కి కూల్చేయబోతున్న పాత కొట్టం ఒకటి దొరికింది. దానికి రాత్రిపూట నిప్పంటించి, కూలే దూలాలను చిత్రించి, అషర్ మేడను ముందు కాల్చి తర్వాత ముంచాడు. ఆ మంట మీద మమకారం పోక తర్వాతి పో సినిమాల్లోనూ దాన్నే వాడుకున్నాడు. వేరే మేడ, వేరే వంశం, అదే దూలం అదే తీరున విరిగి పడుతుంది. దీన్ని మన హాస్టల్ పిల్లలు ఇట్టే పట్టేసి, మంట రాగానే “వచ్చె, మన దూలం వచ్చె” అని కేకలు పెట్టారట.

1963 నాటి ‘ది హాంటెడ్ ప్యాలెస్’ సంగతి చెబుతూ రచయిత్రి కాస్త అల్లరి చేసింది. పేరు పో కవితది, కథ లవ్‌క్రాఫ్ట్‌ది. పో పేరుంటే టికెట్లు తెగుతాయి కనుక కంపెనీవాళ్ళు ఆ బోర్డు తగిలించారు. అదే ఏడు విడుదలైన ‘ది రావెన్’ సెట్లు విప్పేలోగా నటుడు బోరిస్ కార్లోఫ్‌ని ఇంకో రెండు మూడు రోజులు ఆపుకుని, కథ పూర్తిగా కుదరకుండానే ‘ది టెర్రర్’ మొదలుపెట్టేశారు. కథకు మొదలేదో చివరేదో ఈమెకు అర్థం కాలేదు. అర్థమైన వాళ్ళెవరైనా ఉంటే నాకూ చెప్పండి. ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున బ్రే అనే చోట పాత బంగళానే స్టూడియోగా మార్చుకుని ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1957), ‘డ్రాక్యులా’ (1958) తీసిన హామర్ కంపెనీ మీద వ్యాసం పొట్టిది. మేరీ షెల్లీ, బ్రామ్ స్టోకర్ నవలలు చదివినవాళ్ళకు సరిపోతుంది, చదవనివాళ్ళు కొంచెం తడుముకోవాలి.

ఇక మన విఠలాచార్య. ఇక్కడికొచ్చేసరికి రచయిత్రి కలానికి వేగం వచ్చింది. ‘జగన్మోహిని’ (1978)లో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టం మూడు తరాల తెలుగువాళ్ళకు తెలుసు. దాన్ని అడవి నుంచి కట్టెల మోపులు మోసుకొచ్చే ఆడవాళ్ళతో కలిసి కూర్చుని చూసింది ఈమె. ఒక ముసలమ్మ కళ్ళార్పకుండా చూసి, “దానికి నయం, కట్టెలకు పోయే పని తప్పింది” అందట. కామధేనువు, కల్పవృక్షం లాంటి కోరికలన్నీ ఆ ఒక్క కాలిలో ఉన్నాయని రచయిత్రి రాసిన పేజీ ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. విఠలాచార్య చేసిన చవక తంత్రాలను సినిమా విమర్శకులు చాలామంది లెక్కలు కట్టారు. ఆ దెయ్యం వంటింట్లో ఎందుకు అంత హాయిగా ఉందో అడిగినవాళ్ళు తక్కువ.

కటువుగా ఉన్నది ‘కాష్మోరా’ వ్యాసం. 1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వస్తుంటే ఖమ్మంలో బుక్‌స్టాళ్ళ ముందు జనం కాచుకుని ఉండటం నేను చూసినదే. దాని తరువాయి ‘తులసి’ నవలే 1986లో ‘కాష్మోరా’ సినిమా అయింది. ఆ నవలలు మూఢనమ్మకాలకు ఎరువు వేస్తున్నాయని రంగనాయకమ్మ గారు అప్పుడే దుమ్మెత్తిపోశారు. రచయిత్రి ఆ పాత తగవు తిరగదోడలేదు. ఊపిరి బిగపట్టించే నేర్పు యండమూరికి ఉందని నిండుగా ఒప్పుకుంది. ఆమె అడిగింది వేరే. పట్నంలో చదువుకున్న, ఉన్న కుటుంబానికి కీడు జరుగుతుంది. ఆ కీడు పుట్టిన చోటు ఎక్కడో నాగరికత చేరని కొండల్లో, గుడిసెల మధ్య, మాంత్రికుడి చేతిలో ఉంటుంది. ఇదొక్క నవల ఒరవడి కాదు, మన జానపద సినిమా గుహల నుంచి నిన్నమొన్నటి టీవీ సీరియళ్ళ దాకా ఇదే. మేడ అమాయకం, అడవి దుర్మార్గం.

అడవి అంచున నిలబడి చదివితే ఆ ఒరవడి ఎలా కనిపిస్తుందో ఈమెకు ముందు ఎవరూ ఇంత తేటగా రాసినట్టు నాకు గుర్తు లేదు. చేతబడి చేసిందన్న అనుమానంతో ఒంటరి ముసలిదాన్నో, నాటువైద్యం చేసే మనిషినో కొట్టి చంపిన వార్తలు ఈ సరిహద్దు మండలాల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడ మంత్రగత్తె అని ముద్ర వేసి వేధించడాన్ని నేరం చేస్తూ 2005లోనే ప్రత్యేక చట్టం తెచ్చారు. ఒడిశా 2013లో తెచ్చింది. ఆ చావులకు కారణం సినిమాలని ఈమె ఎక్కడా అనలేదు. సినిమా తెలియని కాలంలోనూ అవి జరిగాయి. కానీ పట్నం ప్రేక్షకుడు అలాంటి వార్త చదివి “అడవి వాళ్ళు అంతే” అని పేజీ తిప్పేయడానికి మన భయం కథలు ఎంత సాయపడ్డాయో చెప్పింది. చెప్పిన తీరులో రోషం ఉంది, దుడుకుతనం లేదు.

అందుకు ఎదురుగా అషర్ వంశాన్ని పెట్టి చూడమంటుంది. ఆ సినిమాలో మేడ యజమాని వేషం వేసిన విన్సెంట్ ప్రైస్ తన పూర్వీకుల పటాలు ఒక్కొక్కటే చూపిస్తూ వాళ్ళ ఘనకార్యాలు చదువుతాడు. వడ్డీ వ్యాపారి, మోసగాడు, కిరాయి హంతకుడు, బానిసలను అమ్మిన ఓడ కెప్టెను. పాపం బయటినుంచి ఎవరో మంత్రించి పంపింది కాదు. ఇంటి పునాదిలోనే ఉంది, గోడల్లోకి ఎక్కింది, నేలమాళిగలో పాతిపెట్టినా లేచి తలుపు తడుతోంది. పో కథలో ఈ పటాల వరుస లేదు. కథ పేజీలు తక్కువ గనుక, సినిమా నిడివి నింపడానికి మాథెసన్ కల్పించుకోవలసి వచ్చింది. నింపడానికి రాసిందే సినిమాకి వెన్నెముక అయింది.

మునిగే ఇంటి గురించిన వ్యాసం మీద నేను ఎక్కువ చెప్పను, పాఠకులు తామే చదవాలి. గోదావరి, శబరి కలిసే కూనవరం దగ్గర కూర్చుని రాసిందది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. వరద తీసినా గోడల మీద మట్టి చార పోదు. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరిట 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం లాంటి మండలాలను ఖమ్మం జిల్లా నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అషర్ మేడ మడుగులో మునిగితే మనకు తృప్తి, ఎందుకంటే అది మునగవలసిన ఇల్లు. ఏ పాపం చేయని కోయ గూడెం మునిగితే దాన్ని ఏ జాతి కథ అనాలి? ఈ ప్రశ్న వేసి రచయిత్రి తన జవాబు తాను చెప్పుకుంది. నాకు ఆ జవాబు పూర్తిగా ఒప్పుదల కాలేదు. అది గోథిక్ కాదు, ప్రభుత్వ దస్త్రం అన్నాను. దస్త్రాలకంటే భయంకరమైన నేలమాళిగ ఏముంటుంది సార్ అంది. ఈ వాదన మా మధ్య ఇంకా తెగలేదు.

చిన్న ఫిర్యాదులు. హిందీలో దెయ్యం సినిమాలు తీసిన రామ్సే సోదరుల మీద అంత పెద్ద వ్యాసం అక్కర లేదు. 1972లో కుటుంబమంతా మహాబలేశ్వరం వెళ్ళి, బస చేసిన చోటే ‘దో గజ్ జమీన్ కే నీచే’ తీసుకొచ్చిన ముచ్చట రసవత్తరమే. కానీ ఆ సినిమాల వెనక సాహిత్యం పలచన, వ్యాసం దాన్ని దాచలేకపోయింది. వాక్యాలు అక్కడక్కడ మరీ పొడుగు. దుమ్ముగూడెంలో బ్రిటిషువాళ్ళు నావల రాకపోకల కోసం తలపెట్టి సగంలో వదిలేసిన ఆనకట్ట కట్టడాలను వర్ణించిన భాగం అందంగా ఉంది, ఈ పుస్తకంలో దానికి పని లేదు. తీసేయమన్నాను, తీయలేదు.

పెద్ద ఫిర్యాదు ఒకటుంది. తెలుగునాట గోథిక్ మేడ లేదని ఈమె ఒకచోట తేల్చేసింది. ఎందుకు లేదు? దొరల గడీలు లేవూ? ఎత్తైన ప్రహరీ, ఏనుగు పట్టే దర్వాజా, లోపల ఏం జరుగుతుందో ఊరికి తెలిసీ తెలియనట్టుండే మౌనం, తరాల పాపం, వాకిట్లో వెట్టి. 1980లో వచ్చిన గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ చూడండి. కిషన్ చందర్ నవల ఆధారం, ఖర్చు స్వల్పం, పాత గడీలోనే చిత్రణ. దాన్ని పోరాట సినిమాగానే చూశాం, నిజమే. కానీ రాత్రిపూట గడీ తలుపు మూసుకునే చప్పుడు విన్నవాడికి ఇంకే దెయ్యం సినిమా అక్కర లేదు. మేడ కూలే ఘట్టం కోసం కార్మన్ కొట్టాన్ని తగలబెట్టాడు. మన దగ్గర జనం వచ్చి గడీల మీద పడ్డారు. ఈ రెండు మంటల్నీ పక్కపక్కన పెట్టి చూడగల కన్ను ఈ అమ్మాయికి ఉంది.

రెండో ముద్రణకైనా ఆ వ్యాసం రాయమన్నాను. “మీరే రాయండి సార్, మీకే బాగా తెలుసు” అని తప్పించుకుంది. నేను రాయను. గడీని నేను పుస్తకాల్లో చదివాను. ఆమె తాత అందులో వెట్టి చేశాడు.

ఖమ్మం