మూలకణ చికిత్స: నియమము మంచిదే, చేరవలసిన చోటికి చేరినదా?

ఒక కంట సున్నము పడినచో, నల్లగుడ్డు అంచున కొత్త కణములకు పుట్టుకనిచ్చు మూలకణములు నశించి చూపు చెడవచ్చును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ఇందుకొక సులభ పద్ధతిని ప్రకటించిరి. రోగి రెండవ కంటి నుండియే చిన్న ముక్క తీసి, తునకలు చేసి, చెడిన కంటిపై అమర్చుదురు. ఇందు పిండమును నాశనము చేయు ప్రశ్నయే లేదు.

అంతమాత్రమున నీతి ప్రశ్న తీరలేదు. 2017లో భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక శాఖ కలిసి వెలువరించిన నియమావళి, మానవ పిండమును పరిశోధనశాలలో 14 దినములకు మించి పెంచరాదన్నది. రుజువుకాని మూలకణ చికిత్సను, అనుమతి పొందిన ప్రయోగమునకు వెలుపల, రోగికిచ్చుట అనైతికమన్నది. రెండును మెచ్చదగినవే.

మరి లోపమెక్కడ? ఈ నియమావళి వైద్యునికి, శాస్త్రజ్ఞునికి తెలియు భాషలో ఉన్నది. కామారెడ్డిలోనో, ఎల్లారెడ్డిలోనో పక్షవాతము వచ్చిన తండ్రికై పొలము అమ్మజూచు కొడుకునకు, రుజువైన చికిత్స ఏదో, ప్రయోగమేదో చెప్పువారెవరు? అతనికి నియమము కన్న ఆశ ముందుగా చేరును.

కావున ఉపాధ్యాయులు విద్యార్థులకు మూడు ప్రశ్నలు నేర్పవలెను. ఇది రుజువైనదా? ప్రయోగమైనచో అనుమతి ఎవరిచ్చిరి? ప్రయోగమునకు రోగి డబ్బేల చెల్లించవలెను? ఈ ప్రశ్నలు ఇంటింటికి చేరిననాడే నియమావళి ఫలించినట్లు.