అర్జీయందలి అభావవిచారము

ఆంగ్లప్రభుత్వకాలమున వైద్యశాలలలోఁ గొలువు చేసిన చిన్నయుద్యోగులు పైయధికారులకు వ్రాసికొన్న అర్జీలను వాఙ్మయముగాఁ బరిగణింపవచ్చునా యనునది విచార్యము. రసస్పర్శ లేదని పెక్కురు వీనిని త్రోసివేయుదురు. కాని మొఱ తెలుఁగునకుఁ గ్రొత్త గాదు. తహసీలుపని చేసి చెఱఁబడిన కంచెర్ల గోపన్న రామునకు విన్నవించుకొన్న కీర్తనలను నేఁటికిని బాడుకొనుచున్నారు. భేద మొక్కటియే. రాముఁడు సర్వజ్ఞుఁడు; కచ్చేరీ యట్లు గాదు. కావున అర్జీదారు తన పక్షమంతయు మాటలతోనే నిలుపవలెను. వాని జీతమును, మంచిపేరును ఆ మాటలపైననే యాధారపడియుండెను.

ఇట్టి అర్జీలలోఁ జిక్కైన వివాదము గైరుహాజరు. అనుపస్థితి యనఁగా నభావము. అభావమును జెప్పువాఁడు రెండు చెప్పవలెను: ఏది లేదో యది ప్రతియోగి, ఎచట లేదో యది యధికరణము. ఈ నేలపైఁ గుండ లేదన్నంతమాత్రమునఁ బ్రక్కగదిలో లేదని తేలదు. అట్లే పరిచారకుఁడు ఒక వార్డున లేఁడన్నమాత్రమున కొలువుననే లేఁడని సిద్ధింపదు. వాఁడు మందులగదిలోనో, శస్త్రచికిత్సాగృహముననో యుండవచ్చును. కనఁబడకపోవుట యభావమునకుఁ బ్రమాణము కావలెనన్న, అచట నుండినయెడలఁ దప్పక కనఁబడి యుండునన్న నిశ్చయము గూడ వలయును.

1922 జనవరి 1వ తేదినుండి యమలులోనికి వచ్చిన ఫండమెంటలు రూల్సులలో 11వ నియమము సర్కారుద్యోగియొక్క కాలమంతయు సర్కారు వశమనియు, తగిన యధికారి యే పనికి నియోగించినను అధికవేతనము కోరఁగూడదనియు విధించినది. పని చెప్పునపుడు కొలువు సర్వత్ర వ్యాపించినదై, తప్పు మోపునపుడు ఒక్క వార్డునకు సంకుచితమగుట న్యాయము గాదు. ఒకే పదమును రెండర్థములఁ బట్టి వాదించుటను నైయాయికులు ఛలమనిరి.

అర్జీదారులయందును దోషము కలదు. స్తుతియు దైన్యమును విస్తరించి, ప్రధానాంశమును “ఆజ్ఞాపింపఁబడితిని” అని ముగింతురు. ఆజ్ఞాపించినదెవరు? కర్త లుప్తుఁడు. స్వతంత్రుఁడు కర్త, వానిని బ్రేరేపించువాఁడు ప్రయోజకుఁడు. ప్రయోజకుని మఱుఁగుపఱచిన వాక్యమునఁ దప్పంతయుఁ బ్రయోజ్యునిపైఁ బడును. ఇది వ్యాకరణము తెలియమిచేఁ గాదు, భయముచేఁ గలిగిన లోపము.

ఆ భయము తొలఁగిన రచన యెట్లుండునో హైమవతీసేను వంగభాషలో వ్రాసిన స్వీయచరిత్ర తెలుపును. బాలవితంతువైన యామె కలకత్తా కాంబెలు వైద్యపాఠశాలలోఁ జదివి 1894లోఁ బ్రథమస్థానము పొందఁగా, స్వర్ణపతకము స్త్రీకీయరాదని పురుషవిద్యార్థు లలజడి చేసిరి. ఆమె రజతముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. పిదప హుగ్లీ స్త్రీవైద్యశాలలోఁ గొలువు చేసెను. అచటఁ బైయధికారి పెట్టిన బాధను ఆమె కర్తను దాఁచక చెప్పినది. ఆ గ్రంథముయొక్క ఆంగ్లానువాదము 2000లో వెలువడెను. అర్జీలోఁ బలుకరాని కర్త స్వీయచరిత్రలోఁ బలికెనన్నమాట.

ఆలంకారికులు అర్థవ్యక్తిని గుణములలోఁ జేర్చిరి. పంపినవాఁడెవఁడు, ఎచటికి, ఎంతసేపు అను మూఁడును దాఁచక చెప్పిన అర్జీ యాగుణము గలది, పఠనార్హము. దస్త్రములు శోధించువారు లుప్తకర్తృకములైన వాక్యములకడ నొకింత నిలువవలెను. అన్యాయము తఱచు అచటనే దాఁగియుండును.