మకుటం తెగిన పద్యం

శతకంలో ప్రతి పద్యం చివరా మకుటం ఎందుకుంటుంది? అది శతక లక్షణం కనుక అని బళ్లో చెప్పారు. పరీక్షకు ఆ జవాబు చాలింది. అయితే అచ్చు లేని రోజుల్లో పద్యం ఊళ్లు ఎలా తిరిగిందో ఆలోచిస్తే మరో జవాబు కూడా దొరుకుతుంది. పుస్తకంలో ఉన్న పద్యానికి అట్ట మీద కవి పేరుంటుంది. నోటి మీద నడిచే పద్యానికి అట్ట ఎక్కడిది? అందుకే పేరును పద్యంలోనే కలిపి కట్టారు. పేరు తీసేస్తే ఛందస్సు కుంటుతుంది.

ఈ ఏర్పాటు మన ఒక్కరిదే కాదు. మన చుట్టూ ఉన్న భాషలన్నిటిలోనూ ఉంది. కన్నడ వచనాల్లో బసవణ్ణ అంకితం కూడలసంగమదేవ, అక్కమహాదేవిది చెన్నమల్లికార్జున. మరాఠీ అభంగం చివర తుకారాం తన పేరు తానే చెప్పుకుంటాడు. ఒడియా భజనలో సాలబేగ చేసిందీ అదే. క్షేత్రయ్య మాత్రం తన పేరు చెప్పకుండా మువ్వగోపాలుణ్ణి చెప్పాడు. ఆ పదాలు తంజావూరు కొలువు దాకా వెళ్లినా ఆ ముద్ర ఊడిపోలేదు. త్యాగయ్య సంగతి మనకు మరీ దగ్గరిది. ఆయన తిరువారూరులో పుట్టి, 1847లో తిరువయ్యారులో కన్నుమూశాడు. ఆయన కృతులను రాసి కాపాడినవారిలో ముఖ్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్. ఆయన ఇంటిభాష సౌరాష్ట్రం. ఆ శిష్యపరంపర ప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. భాష తనది కాకపోయినా గురువు పేరు జారిపోకుండా పట్టుకున్నవాడు మనకు ఆదర్శం కావాలి.

ఇప్పుడు పద్యమూ పాటా మళ్లీ చేతుల మీదుగానే తిరుగుతున్నాయి, కాకపోతే ఫోను పట్టుకున్న చేతుల మీదుగా. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో వస్తున్న తెలుగును సాహిత్యంగా చూసి విమర్శించేవారు తక్కువ. ఎక్కువమంది రోజూ చదువుతున్నది అదే కనుక దాన్ని పట్టించుకోక తప్పదు. అందులో నాకు రెండు దోషాలు కనిపిస్తాయి. ఒకటి, ఉన్న పేరు తెగిపోవడం. రెండోది, లేని పేరు అతకడం.

రెండోది పాత జబ్బే. వేమన పద్యాలను బ్రౌన్ దొర 1829లో అచ్చువేశాడు. 1839లో మరిన్ని పద్యాలతో మళ్లీ వేశాడు. రాతప్రతి మారితే పద్యాల లెక్కా మారుతుంది, పాఠమూ మారుతుంది. వేమన పేరున్న నాలుగో పాదం సిద్ధంగా ఉంది కాబట్టి పైన మూడు పాదాలు ఎవరైనా కట్టి తగిలించవచ్చు. అలా తగిలించినవాళ్లు ఉన్నారు. అయినా ఆ రోజుల్లో దొంగపద్యం రాసేవాడికి కూడా ఆటవెలది నడక తెలిసి ఉండేది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఇప్పుడు ఫోనులో వచ్చే ‘వేమన పద్యా’ల్లో చాలావాటికి పై మూడు పాదాల్లో గణాలు కుదరవు. పైకి చదివితే చెవే పట్టేస్తుంది. గణాలు కుదిరినంత మాత్రాన వేమనది అయిపోదు; కుదరనిదాన్ని మాత్రం సందేహించకుండా పక్కన పెట్టవచ్చు.

శ్రీశ్రీకి జరుగుతున్నదీ ఇదే. కొంచెం ఆవేశం, కొన్ని విరిగిన వాక్యాలు ఉంటే చాలు, కింద ఆయన పేరు, పక్కన సిగరెట్టు బొమ్మ. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానం గీతాలను ఒక్కసారి గట్టిగా చదివినవారికి అందులోని మాత్రాఛందస్సు ఊపు తెలుస్తుంది. ఆ ఊపు లేని వచనాన్ని ఆయనకు అంటగట్టడం ఆయనకు అపచారం. నిజంగా రాసిన అజ్ఞాత కవికి అన్యాయం కూడా. ఆ కవి ఏ బరంపురంలోనో షోలాపూరులోనో కూర్చుని రాసుకున్న కవిత నలుగురికీ నచ్చింది. నచ్చినందుకే అతని పేరు పోయింది.

2018లో వాట్సాప్ ‘ఫార్వర్డ్’ అనే గుర్తు పెట్టింది. పంపినవారు దాన్ని రాయలేదని ఆ గుర్తు చెబుతుంది. రాసిందెవరో చెప్పదు. అక్షరాలు కాపీ చేసి మళ్లీ అతికిస్తే ఆ గుర్తు కూడా ఉండదు. యంత్రం నుంచి ఇంతకంటే ఆశించలేం. మిగతాది పంపేవాడి పని.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేస్తారు. అసలు పేరుతో రాయాలని పట్టుబడితే మారుపేర్లు పెట్టుకున్న మన రచయితల మాటేమిటి? ఆ ప్రశ్న న్యాయమైనదే. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యాడు. భాగవతుల సదాశివశంకరశాస్త్రి ఆరుద్ర అయ్యాడు. బీనాదేవి అన్న ఒక్క పేరు వెనక భార్యాభర్తలిద్దరున్నారు. వీరిలో ఎవరూ పాఠకుణ్ణి మోసగించలేదు. ఒకే పేరుతో రాశారు, ఆ పేరుకు వచ్చిన పొగడ్తా తిట్టూ తామే మోశారు. పైగా పత్రిక మధ్యలో ఉండేది. రచనతో పాటు హామీపత్రం పంపాలి: ఇది నా స్వంత రచన, అనువాదమూ అనుసరణా కాదు అని. పాఠకుడికి తెలియని చిరునామా సంపాదకుడికి తెలిసేది. కలంపేరుకు వెనక జవాబుదారీ మనిషి ఉంటాడు. నిన్న ఒక పేరుతో తిట్టి, ఇవాళ ఆ పేరు తుడిచేసి, రేపు మరో పేరుతో వచ్చేదాన్ని కలంపేరు అనలేం.

బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు పేరు ఎప్పుడూ ఒకటిగా లేదు. మన ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాట దాని చోట తండ్రి పేరులోని మొదటి అక్షరం నిలబడింది. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు అయ్యాక చివర ఇంటిపేరు వస్తుంది. ఫోనులో ఖాతా తెరిస్తే ‘మొదటి పేరు, చివరి పేరు’ అని అడుగుతుంది. ఇంటిపేరు మొదటిదా చివరిదా అని తికమకపడనివారు మనలో తక్కువ. ఆఫీసు గ్రూపులో ఒక పేరు, బంధువుల గ్రూపులో ఇంటిపేరుతో మరో పేరు ఉండటం అబద్ధం కాదు, మన చరిత్ర. ఎక్కడ ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు మనిషిది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి.

అసలు నష్టం పాటల దగ్గర జరుగుతోంది. హోసూరు వైపో, బళ్లారి వైపో, పర్లాకిమిడి వైపో ఒక పెద్దామె తిరగలి పాటో అప్పగింత పాటో ‘ఊర్మిళాదేవి నిద్ర’లో ఒక ముక్కో పాడుతుంది. మనవడు ఫోనులో పట్టి యూట్యూబులో పెడతాడు. కింద ‘పల్లెటూరి అవ్వ పాట’ అని రాస్తాడు. వేలమంది వింటారు, ముచ్చటపడతారు. పాడిన ఆమె పేరు లేదు, ఊరు లేదు, ఎవరి దగ్గర నేర్చుకుందో లేదు. జానపదానికి కర్త ఉండడు కదా అంటారు. కట్టినవారు తెలియకపోవచ్చు, పాడినవారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రదర్శకుల జాబితాలో గాయకులతో పాటు గారడీవాణ్ణీ పాములవాణ్ణీ కూడా చేర్చింది. 2012 సవరణ ప్రదర్శకులకు తమ పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చింది. పాములవాడికున్న హక్కు మన అవ్వకు లేకుండా పోతుందా?

మనకిది చట్టానికి మించిన సంగతి. ఆ ఊళ్లో తెలుగు బతికిందనడానికి చాలాచోట్ల ఆ పాటే సాక్ష్యం. ఊరిపేరు లేని పాట నాలుగు చేతులు మారేసరికి ఏ గోదావరి జిల్లా పాటగానో చెలామణీ అవుతుంది. దానికి తోడు, ఎవరో పెద్దమనిషి అందులోని కన్నడ, తమిళ, ఒడియా మాటలను ‘దిద్ది’ పాఠ్యపుస్తకం తెలుగులో పెడతాడు. ఆమె పేరు మొదటే పోయింది. ఆమె పలుకు రెండోసారి పోతుంది. అప్పుడు ఆ పాటలో ఆ ఊరి జాడ ఏమీ మిగలదు.

దీనికి పేరుతో పాటు అన్నీ బయటపెట్టాలని అర్థం కాదు. ఆమె ఇంటి నంబరు, ఫోను నంబరు, పక్కన ఆడుకునే పిల్లల ముఖాలు పాటకు అవసరం లేదు. కులం చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పేరే వద్దంటే ‘పేరు చెప్పవద్దన్నారు’ అని రాసి, ఒప్పుకుంటే ఊరిపేరైనా ఉంచాలి. అడిగి వదిలేసిన పేరుకూ అడగకుండా వదిలేసిన పేరుకూ ఎంతో తేడా ఉంది. ఏడుస్తూ పాడిన అప్పగింత పాటను నలుగురిలో పెట్టవచ్చో లేదో ఆమె చెప్పాలి, మనం నిర్ణయించకూడదు.

వెనకటికి ఈ పనులన్నీ సంపాదకుడు చేసేవాడు. ఎవరు రాశారని అడిగేవాడు, అనుమానం వస్తే ఆపేవాడు, తప్పు పడితే వచ్చే సంచికలో సవరణ వేసేవాడు. ఫోనులో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పంపే ప్రతివాడూ ఆ కాసేపు అందులో కూర్చోవలసిందే. తెలియని కవితకు గొప్ప పేరు అంటించేకన్నా ‘కవి తెలియదు’ అని రాయడం మర్యాద. మీ ఇంట్లో రికార్డయి ఉన్న పాటలుంటే పాడినవారిని అడిగి వారి పేరు, ఊరు, నేర్పినవారి పేరు, సంవత్సరం రాసిపెట్టండి. పాడినవారు దాటిపోయి ఉంటే ఇంట్లో పెద్దవారిని అడగండి. ఆ వివరాలు చెప్పగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.