సన్నగీత, లావుగీత

న్యూయార్కులో వివేకానందుడు చేతిలో కాగితం ముక్క లేకుండా ప్రసంగిస్తుంటే, ముందుగా కుదుర్చుకున్న స్టెనోలు ఆ ధాటికి చేతులెత్తేశారు. 1895 చివర్లో జోసయా జాన్ గుడ్విన్ అనే ఇంగ్లీషు కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. రిపోర్టింగులో చెయ్యి తిరిగినవాడు. ఇవాళ మన ఇళ్లలో కనిపించే ‘కర్మయోగం’ అతని షార్ట్‌హ్యాండ్ నోట్సులోంచి వచ్చిందే. రాసుకున్నదాన్ని రాత్రనక పగలనక కూర్చుని శుద్ధప్రతి తీసేవాడంటారు. 1898లో ఊటీలో 27 ఏళ్లకే పోయాడు. ఆ పుస్తకం చదివినవాళ్లలో గుడ్విన్ పేరు ఎందరికి తెలుసు? స్టెనో బతుకెప్పుడూ అంతే.

ఈ విద్య చరిత్ర పెద్దది. రోములో సిసిరో దగ్గరున్న టైరోతో మొదలైందంటారు. మనకు కావలసింది 1837. ఆ ఏడాది ఐజాక్ పిట్‌మన్ ఇంగ్లండులో తన పద్ధతిని అచ్చువేశాడు. స్పెల్లింగును అవతల పెట్టి, చెవికి వినబడ్డ ధ్వనికే గీత గీయమన్నాడు.

పిట్‌మన్ అక్షరాల వరస తెలుగు వర్గాక్షరాలు దిద్దినవాడికి ఇట్టే పట్టుబడుతుంది. ప-బ, ట-డ, చ-జ, క-గ: జతకు ఒకే స్ట్రోకు. సన్నగా గీస్తే ప, ఒత్తి లావుగా గీస్తే బ. అచ్చులకు చుక్కలు, చిట్టి గీతలు. ముందు హల్లు గీసి, తర్వాత అచ్చు తగిలించడం మన గుణింతం పోకడే. అయితే స్పీడందుకున్నాక ఆ చుక్కలు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. మరి ఏ అచ్చో తెలిసేదెలా? పిట్‌మన్ బుర్రకు దణ్ణం పెట్టాల్సింది అక్కడే. ‘ప’ స్ట్రోకును సగానికి కుదిస్తే చివర ‘ట’ చేరినట్టు. ఆ సగం గీతను లైనుకు పైన రాస్తే ప్యాట్, లైను మీద ఆనిస్తే పెట్. ఒక్క చుక్క లేకుండా రెండు మాటలు! కుదించే బదులు రెట్టింపు సాగదీస్తే ‘టర్’, ‘దర్’ లాంటివి వచ్చి చేరతాయి. ‘మ’ వంపును అలా సాగదీసి లైనుకు పైన పెట్టండి, మ్యాటర్. లైను మీదికి దించండి, మదర్. చిన్న సున్నా చుడితే స, లూపు తిప్పితే స్ట, కొక్కెం తగిలిస్తే ర, ల, న. ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’ లాంటి మాటల గుంపును పెన్నెత్తకుండా ఒకే గీతలో లాగేస్తారు.

దీన్ని చేతికి ఎక్కించుకోవడం మాత్రం తపస్సే. ఒకే ప్యాసేజీని నిమిషానికి ఎనభై మాటల వేగంలో రాసి, వందలో రాసి, చెయ్యి తడబడితే తొంభైకి దిగి మళ్లీ రాయాలి. మంచి స్టెనో రాస్తుంటే ఎడమచేతిని చూడండి. పేజీ సగానికి వచ్చేసరికే బొటనవేలు కింది మూలను లేపి పట్టుకుని ఉంటుంది. చివరి లైను పూర్తవడం, పేజీ తిరగడం, పెన్ను కొత్త పేజీ మీద వాలడం అంతా ఒక్క కదలిక. ఇక నాథన్ బెహ్రిన్! 1922లో న్యూయార్కు పోటీలో నిమిషానికి 350 మాటల చొప్పున రెండు నిమిషాలు పిట్‌మన్‌లో రాశాడు. మనం అంత వేగంగా మాట్లాడనైనా మాట్లాడలేం.

గ్రెగ్ అనే మరో షార్ట్‌హ్యాండ్ పద్ధతి అభిమానులు కోప్పడినా సరే, ఒక మాట. వాళ్ల పద్ధతిలో సన్నం, లావు తేడా లేదు గనక ఏ పెన్నయినా నడుస్తుంది. పిట్‌మన్‌కు వంగే పాళీగానీ మెత్తటి పెన్సిలుగానీ ఉండాలి. ఆ ఒత్తు తెలిసిన చేతి పేజీ బొమ్మలా ఉంటుంది. మన దగ్గర ఆ అందాన్ని చంపింది బాల్ పెన్నే. దాంతో రాసిన నోట్సులో ప ఏదో బ ఏదో రాసినవాడికే తెలియదు.

ఒకప్పుడు మన ఊళ్లలో డాబా మీద టైపు ఇన్‌స్టిట్యూట్ లేని బజారు ఉండేది కాదు. ‘టైపు హయ్యరు, షార్ట్‌హ్యాండు లోయరు’ అనే రెండు సర్టిఫికెట్లతో మనవాళ్లు మద్రాసు, బొంబాయి, ఢిల్లీ రైళ్లెక్కి సంసారాలు నిలబెట్టుకున్నారు. ఇప్పుడు మిగిలిన కొన్నింటిలో జరిగేది చూస్తే ఒళ్లు మండుతుంది. నెల రోజుల్లో షార్ట్‌హ్యాండట! పాత పరీక్షల ప్యాసేజీలు బట్టీ పట్టించి, అవుట్‌లైన్లు బొమ్మల్లా కంఠతా పెట్టించి పంపుతున్నారు. అలా నేర్చినవాడి ముందు ఆ రోజు పేపరులోని సంపాదకీయం చదివితే మూడో వాక్యానికే పెన్ను ఆగిపోతుంది. ఫోనులో రికార్డు చేసుకుంటే సరిపోదా అంటారు ఇంకొందరు. పంకా మోతలో, నలుగురు ఒకేసారి మాట్లాడే గదిలో, తెలుగూ ఇంగ్లీషూ కలగలిసిన వాదనలో ఎవరు ఏమన్నారో ఆ ఫోనును అడిగి చూడండి.

కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనో గ్రేడ్-సికి ఇప్పటికీ నిమిషానికి వంద మాటల చొప్పున పది నిమిషాలు చదివి, ఇంగ్లీషులో రాసినవాళ్లకు తిరగరాయడానికి నలభై నిమిషాలిస్తుంది. ఉద్యోగాలున్నాయి; నేర్పేవాళ్లే కరువవుతున్నారు. రిటైరైన కోర్టు స్టెనోలూ, అసెంబ్లీ రిపోర్టర్లూ, దయచేసి సాయంత్రాలు ఓ నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ముందు నెలంతా స్పీడు ఊసెత్తకండి. సన్నగీత, లావుగీత దిద్దించండి. రాసిన నోట్సును వారం తర్వాత వాళ్లచేతే చదివించండి. తడుముకుంటే, మళ్లీ మొదటి పాఠం.