కొసరాజు వ్యంగ్యం – దాని పొలిమేర

కొసరాజు రాఘవయ్య చౌదరిని గురించి మన సాహిత్య వేదికల మీద మాట్లాడవలసి వచ్చినప్పుడు రెండు విశేషణాలతో పని జరిగిపోతూ ఉంటుంది. ఒకటి జానపద కవి, రెండు హాస్యగీతాల కవి. మొదటిదానిలో గౌరవం ఉంది, రెండవదానిలో కొంత చిన్నచూపు ఉంది. రెండూ కలిసి అసలు ప్రశ్నను దాటవేస్తాయి. ఈయన నవ్వింది ఎవరిని చూసి? ఎవరి తరఫున నిలబడి? ఆ నవ్వు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయింది? ఈ ప్రశ్నలు వేసుకోకుండా ఆయన్ని నెత్తిన పెట్టుకున్నా, సినిమా కవి అని తోసిపుచ్చినా ఫలితం ఒకటే.

ఆయన 1905లో బాపట్ల తాలూకా అప్పాపురంలో పుట్టారు, 1986లో కన్నుమూశారు. పర్చూరులో కూర్చుని రాస్తున్న నాకు ఆయన పొరుగు మనిషే. ఆ నల్లరేగడి, ఆ రచ్చబండ ఎకసెక్కెం, మాటకు మాట తగిలించే ఆ ఒడుపు మా వైపువే. కనుక అభిమానం నాకు సహజం. అయినా అభిమానాన్ని కాసేపు పక్కన పెట్టి ఆయన పాటల్ని పరిశీలించటం అవసరం.

మనం సినిమా పాటల్ని చిత్రాల వారీగా, గాయకుల వారీగా జాబితా వేస్తాం గాని, ఒక కవి జీవితమంతా వదలకుండా పట్టుకు తిరిగిన వస్తువులు ఏవి అని వెతకం. అమెరికాలో ఫ్రాంక్ జప్పా (1940–1993) అనే రాక్ సంగీతకర్త ఉండేవాడు. మతవ్యాపారాన్ని, వినిమయ సంస్కృతిని, చివరకు తన శ్రోతల్ని కూడా ఎగతాళి చేసినవాడు. అవే వస్తువుల్ని, అవే మాటల్ని రికార్డు తర్వాత రికార్డులో మళ్ళీ మళ్ళీ తెచ్చి, అవన్నీ కలిపితే ఒకే రచన అని చెప్పుకున్నాడు. కొసరాజు పాటల్ని కూడా అలా పక్కపక్కన పెట్టి వింటే పదే పదే తగిలేవి జేబు, పేకముక్క, సిగరెట్టు, ఓటు, మొక్కుబడి. చూడటానికి వేరు వేరు వస్తువులు. చేసే పని మాత్రం ఒక్కటే, చేతిలో ఉన్న డబ్బును బయటికి లాగటం.

'కులగోత్రాలు' (1962) చిత్రంలోని పేకాట పాటను తీసుకోండి. మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు పాడారు. డబ్బంతా ఊడ్చుకుపోయినవాడు ఏడుస్తుంటాడు, తోడుగా ఉన్నవాడు ఓదారుస్తున్నట్లే ఉండి పొడుస్తుంటాడు. మళ్ళీ ఆడితే గెలవవచ్చు, దానికి పెట్టుబడి కావాలి, అందుకు ఇల్లు తాకట్టు పెట్టవచ్చు. అప్పు పుట్టి పెరిగే క్రమమంతా నాలుగైదు చరణపాదాల్లో ముగుస్తుంది. అంతటితో ఆగినా అది మంచి నీతిపాటే అయ్యేది. కాని కవి మరో అడుగు వేశాడు. ఈ డబ్బు దేవుడికి ఒలిచి ఇచ్చి ఉంటే పుణ్యమూ ప్రసాదమూ దక్కేవని, ఎన్నికల్లో ఖర్చు పెట్టి ఉంటే శాసనసభలో కుర్చీ దక్కేదని పాత్రలచేత లెక్కలు కట్టించాడు. అది ఎన్నికల సంవత్సరం కూడా. జూదం, భక్తి, రాజకీయం మూడూ ఒకే పద్దులో పడ్డాయి. సినిమా కవికి సందర్భం నిర్మాత ఇస్తాడు, కవి చేతిలో ఏముంది అని అడిగేవారున్నారు. పేకాట సందర్భం నిర్మాత ఇచ్చి ఉండవచ్చు. కాని ఎమ్మెల్యే పదవి ఖరీదు ఆ సందర్భం అడిగింది కాదు. అది కవి తన సంచిలోంచి తీసి వేసింది.

ఈ రెండు గొంతుల పద్ధతి ఆయనకు పల్లె కళారూపాల నుంచి వచ్చింది. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యగాడు ఉంటాడు. కథకుడు ఎత్తుకున్న గంభీరాన్ని వాడు నేలమీదికి దించుతాడు. కొసరాజు పాటలో బడాయి ఒక గొంతు, బడాయికి సూది మరో గొంతు. 'రాముడు భీముడు' (1964)లోని సిగరెట్టు పాటలో ఆ సూది ఆడదాని చేతిలో ఉంది. మగవాడు పొగను స్వర్గం దాకా ఎత్తుతాడు, ఆంజనేయుణ్ణి కూడా సాక్ష్యానికి పిలుస్తాడు. ఆమె ప్రతి గొప్పకూ ఒక చురక వేస్తుంది. డాక్టర్లు క్యాన్సరు అంటున్నారని ఆమె చెబితే అతగాడు సినిమా నటుల మాట అడ్డు పెడతాడు. పొగతాగటానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక ప్రకటించిందీ 1964లోనే. శాస్త్రవేత్తకూ ప్రచారానికీ మధ్య తగాదాను కొసరాజు తెలుగు ఇంటి గడపలోకి అప్పుడే తెచ్చాడు. ఇది చిన్న విషయం కాదు.

కాని ఈ పాటలోనే నాకు ఆ నవ్వు పొలిమేర కనిపిస్తుంది. ఇందులో తాగేవాడున్నాడు, పెళ్ళాం ఉంది, డాక్టరున్నాడు, నటుడున్నాడు, సినిమా హాలు యజమాని కూడా ఉన్నాడు. పొగాకు పండించినవాడు లేడు. రాసింది ఎవరో కూడా గుర్తుంచుకోవాలి, వర్జీనియా పొగాకు వ్యాపారానికి కేంద్రమైన గుంటూరు జిల్లా కవి. 1976లో పొగాకు బోర్డు పెట్టినప్పుడు దాని కార్యాలయం గుంటూరుకే వచ్చిందంటే ఆ పంట ఇక్కడి బతుకులో ఎంత భాగమో తెలుస్తుంది. బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట కాచే మనిషికీ సిగరెట్టు పెట్టెకూ మధ్య ఉన్న దూరం ఆయనకు తెలియనిదేమీ కాదు. తెలిసీ ఆ గొంతును పాటలోకి రానివ్వలేదు. వ్యసనం వ్యక్తిది, బుద్ధి చెప్పవలసిందీ వ్యక్తికే అన్నచోట ఆయన వ్యంగ్యం ఆగిపోయింది.

ఇంతకు ముందే 'పెద్దమనుషులు' (1954)లో ఆయన వ్యక్తిని దాటి వెళ్ళాడు. ఇబ్సెన్ నాటకం ఛాయలో డి.వి. నరసరాజు రాసిన ఆ కథలో రేలంగి వేసిన తిక్క శంకరయ్యకు బైరాగి తత్వాల ధోరణిలో పాట రాసి, ఊరి పెద్దల గుట్టు రట్టు చేయించాడు. పిచ్చివాడికి ఏమైనా అనే హక్కుంటుంది. బుద్ధిమంతుల చేత ఆ మాటలు అనిపించాలంటే అప్పటి సినిమాకు ధైర్యం చాలదు. అదే ధోరణిలో ఆధునిక స్త్రీల వేషభాషల మీద ఆయన వేసిన ఎగతాళిలో మాత్రం నాకు పెద్దరైతు కళ్ళే కనిపిస్తాయి. దాన్ని జానపదం అని సమర్థించలేను.

'రోజులు మారాయి' (1955)లోని ఏరువాక పాటకు వస్తాను. మాస్టర్ వేణు బాణీ, జిక్కి గొంతు, వహీదా రెహమాన్ నృత్యం. జనం ఆ నృత్యాన్నీ ఆ ఊపునూ గుర్తుంచుకున్నారు. ఎస్.డి. బర్మన్ 'బంబయి కా బాబు' (1960)లో ఆ బాణీని హిందీకి తీసుకున్నప్పుడు సహజంగానే మాటలు ఇక్కడే ఉండిపోయాయి. ఆ మాటల్లో ఎలపట దాపట ఎడ్ల సంగతి, సాలు తప్పకుండా దున్నే సంగతి ఎంత వివరంగా ఉన్నాయో, పొలాలమ్ముకుని పట్నంలో మేడలు కట్టేవారి మీద, ఓట్లు గుంజుకుని రైతును మరిచే నాయకుల మీద ఎత్తిపొడుపు కూడా అంత సూటిగా ఉంది. స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్ళకే నాట్యపు పాటలో ఇంత చెప్పటం సామాన్యం కాదు. మన అభ్యుదయ కవులు కొందరు అదే రోజుల్లో ఎంత మెత్తగా రాశారో నేను ఇక్కడ ఎత్తను.

అయితే ఆ పాటలోని రైతుకు ఎడ్లున్నాయి, విత్తనాలున్నాయి, వెంట నడిచే ఇల్లాలుంది. మిరప కోతకు, పత్తి తీతకు రోజుకూలి మీద వచ్చే మాల మాదిగ స్త్రీ లేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ'కు పాటలు రాసి, అందులో నటించిన కొసరాజుకు జమీందారు ఎవరో స్పష్టంగా తెలుసు. ఆ జమీందారీ వ్యతిరేక చిత్రం తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది కూడా చల్లపల్లి జమీందారే అన్న వైచిత్రి ఎలాగూ ఉంది. పైనున్న జమీందారును చూడగలిగిన కన్ను కింద ఉన్న కూలి దాకా దిగలేదు. రైతు అన్న ఒక్క మాట కింద ఆసామి, కౌలుదారు, కూలి ముగ్గురినీ కప్పెయ్యటం ఆయన ఒక్కడి బలహీనత కాదు, ఆనాటి రైతు ఉద్యమంలో పెద్ద భాగానిదీ అదే.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1987లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ తినేసింది. మందుల అప్పు కొండలా పెరిగింది, రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. తెల్లబంగారం అన్న పంటే జూదం అయింది. పేకాట పాటలోని క్రమమే ఇక్కడా ఉంది. ఓడటం, ఈసారి తప్పక వస్తుందనుకోవటం, పెట్టుబడికి ఇల్లో పొలమో కుదువ పెట్టటం. తేడా ఏమిటంటే ఇక్కడ ముక్కలు పంచినవాడు బల్ల దగ్గర కనబడడు. విత్తనాల కంపెనీలో, పురుగుమందు దుకాణంలో, ధర తేల్చే బజారులో ఉంటాడు. చేతిలో డబ్బు ఎలా పోతుందో జీవితమంతా పాడిన కవికి అది ఎవరి చేతిలోకి పోతుందన్న రెండో సగం పాడే అవకాశం రాలేదు. వచ్చినా పాడేవాడా అన్నది నాకు అనుమానమే.

శ్రోతలు మాత్రం ఆ పని కొంత చేసుకున్నారు. మిర్చి యార్డులో ధర పడిన రోజున, తూకం వేయించుకుని ఉత్త చేతుల్తో పర్చూరు బస్సు దిగినవాళ్ళు ఆ పేకాట పాట పల్లవిని కూనిరాగం తీయటం నేను చాలాసార్లు విన్నాను. పల్లవి దగ్గరే ఆపేస్తారు. తెలివితక్కువగా ఆడి దెబ్బతిన్నావని దెప్పే రెండో గొంతు వరస ఎవరూ అందుకోరు.