గీత వంచినా, వదిలేసినా

జెర్రీమాండర్ అనే ఇంగ్లిషు క్రియకు అర్థం, ఒక పార్టీ గెలుపు కోసం నియోజకవర్గాల సరిహద్దులను ఇష్టం వచ్చినట్టు మెలికలు తిప్పడం. అది పుట్టింది 1812లో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో. గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తమ పార్టీకి కలిసొచ్చేలా సెనేట్ స్థానాలను విడగొట్టే చట్టంపై సంతకం చేశారు. ఎసెక్స్ కౌంటీలో ఒక స్థానం వంకరలు పోయి, బల్లిని పోలిన సాలమాండర్‌లా తయారైంది. బోస్టన్ గెజిట్ మార్చి 26న దానికి రెక్కలు, గోళ్లు తొడిగి కార్టూన్ వేసింది. గవర్నర్ పేరును ఆ జంతువు పేరుకు అతికించింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసి, తర్వాత ఉపాధ్యక్షుడూ అయిన మనిషి లోకానికి ఇలా గుర్తుండిపోయారు.

ఇలా గీత వంచడంలో పద్ధతులు రెండు. ఎదుటి పార్టీ ఓటర్లందరినీ ఒకే స్థానంలో కుక్కడం ఒకటి. వాళ్లను నాలుగు స్థానాలకు పంచి ఎక్కడా బలం లేకుండా చేయడం రెండోది.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఉన్న తెలంగాణ అసెంబ్లీ స్థానం శేరిలింగంపల్లిలో అలాంటి మెలిక లేదు. అయినా ఓటు విలువ పడిపోయింది. నియోజకవర్గాలను పునర్విభజించిన జస్టిస్ కుల్దీప్ సింగ్ డీలిమిటేషన్ కమిషన్ 2001 జనాభా లెక్కలతో సరిహద్దులు నిర్ణయించింది. ఈ స్థానంలో తొలి ఎన్నిక 2009లో జరిగింది. ఆ లెక్కలు తీసేనాటికి మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్ తెరిచి మూడేళ్లయినా నిండలేదు. ఆ తర్వాత ఊరు పెరిగింది, గీత కదల్లేదు. 2023 ఎన్నికల నాటికి ఇక్కడ ఓటర్లు 7 లక్షలు దాటారు. భద్రాచలంలో సుమారు లక్షన్నర. రెండు చోట్లా ఎమ్మెల్యే ఒక్కరే. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో భద్రాచలం చిన్నదైంది. గిరిజనులుండే ఏజెన్సీ ప్రాంతానికి తక్కువ ఓటర్లతోనే సీటు ఉండటం సబబే. శేరిలింగంపల్లికి మాత్రం అన్యాయం జరుగుతోంది.

దీనికి కారణం 84వ రాజ్యాంగ సవరణ. 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా సీట్ల సంఖ్యను అది స్తంభింపజేసింది. రాష్ట్ర విభజన చట్టం తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు పెంచాలని చెప్పినా అది అమలు కాలేదు. అమలు చేయించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది.

2002 డీలిమిటేషన్ చట్టం ప్రకారం కుల్దీప్ సింగ్ కమిషన్ అప్పట్లో ముసాయిదాను ప్రచురించి, అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ విచారణ జరిపింది. రేపు కొత్త మ్యాపు వచ్చినప్పుడు ఐటీ కారిడార్ ఓటర్లు దాన్ని తెరిచి చూడాలి, అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా ఇవ్వాలి.