లీప్‌లో పోయిన ఏళ్లు

మన సీరియళ్లలో చిన్నపిల్లలుంటారు, పెళ్లికూతుళ్లుంటారు. మధ్యలో పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉండే మనుషులే కనిపించరు. కెమెరా పరుగెత్తే చిట్టి పాదాల మీద నిలుస్తుంది, పైకి లేచేసరికి అక్కడ పెళ్లీడు పిల్ల ఉంటుంది. సీరియల్ వాళ్లు దీన్ని లీప్ అంటారు. మాటలు రాసే మనిషిగా నాకు ఆ గెంతు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. రాయవలసిన అసలు కథంతా ఆ దాటేసిన ఏళ్లలోనే ఉంటుంది మరి.

‘చిన్నారి పెళ్లికూతురు’నే తీసుకోండి. 2008లో హిందీలో ‘బాలికా వధు’గా మొదలై, మా టీవీ ద్వారా మన ఇళ్లలోకి వచ్చింది. ఆనందిగా అవికా గోర్‌ని ఇంటిపిల్లలా చూసుకున్నాం. బాల్యవివాహం గురించిన కథలో అన్నిటికన్నా బరువైన ఘట్టం ఏది? తనకు ఏం జరిగిపోయిందో ఆ పిల్లకు మెల్లగా అర్థమయ్యే వయసు. కానీ 2010లో కథ ముందుకు దూకింది, ఆనందిగా ప్రత్యూషా బెనర్జీ వచ్చింది. మరుసటి ఏడాదికల్లా అవికా ఇంకో సీరియల్‌లో పెళ్లీడు యువతిగా, ఆపై కోడలిగా కనిపించింది. అప్పటికి ఆమెది పద్నాలుగేళ్ల ప్రాయం. 2013లో ‘ఉయ్యాల జంపాల’తో తెలుగులో హీరోయిన్ అయింది. బాలిక నుంచి కోడలి దాకా అన్నీ చేయించారు, ఆమె నిజంగా గడుపుతున్న వయసుని తప్ప.

కారణాలు లేకపోలేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదని మన దేశంలో నిబంధన ఉంది. అది ఉండాల్సిందే. రోజూ ఎపిసోడ్ పంపాల్సిన నిర్మాతకు మాత్రం అది కష్టం. కానీ అసలు చిక్కు రాతలో ఉందంటాను. సీరియల్‌లో ప్రతి పాత్రా తన మనసులో ఉన్నది నోటితో చెప్పాలి. పదిహేనేళ్ల పిల్లకు తన మనసులో ఏముందో ఇంకా తెలియదే! తెలియనితనాన్ని డైలాగ్‌గా రాయడం మనం నేర్చుకోలేదు.

బయట కొందరు నేర్చుకున్నారు. 1994లో అమెరికాలో ఏబీసీ చానెల్‌లో ‘మై సో కాల్డ్ లైఫ్’ వచ్చింది. విన్నీ హోల్జ్‌మన్ సృష్టి. పదిహేనేళ్ల ఏంజెలాగా వేసిన క్లెయిర్ డేన్స్ తొలి ఎపిసోడ్ తీసేనాటికి అంతకన్నా చిన్నది. చదువుకునే పిల్ల కాబట్టి సెట్‌లో ఉంచగలిగే గంటలు పరిమితం. అందుకని రచయితలు అమ్మానాన్నలకు, స్నేహితులకు ఎక్కువ సన్నివేశాలు రాశారు. నిబంధన వల్ల కథ చిక్కపడింది! పందొమ్మిది ఎపిసోడ్లకే ఆపేశారు, అది వేరే దుఃఖం.

ఇక 2025లో వచ్చిన బ్రిటిష్ సిరీస్ ‘అడాలసెన్స్’. ఒక్కో ఎపిసోడ్ కట్ లేకుండా ఒకే షాట్. మూడో ఎపిసోడ్‌లో దాదాపు అంతసేపూ ఒక గది, ఒక బల్ల, హత్యారోపణ మీద ఉన్న పదమూడేళ్ల జేమీ, ఎదురుగా సైకాలజిస్ట్. జేమీగా వేసిన ఓవెన్ కూపర్‌కు నటన కొత్త, పైగా ముందుగా తీసింది ఈ ఎపిసోడే. టేక్ మీద టేక్ చేసి అలిసిపోయిన కుర్రాడికి మధ్యలో నిజంగానే ఆవలింత వచ్చింది. ఎదురుగా ఉన్న ఎరిన్ డోహర్టీ ఆగలేదు, బోర్ కొడుతోందా అని పాత్రలోనే ఉండి అడిగింది. అతను చిన్నగా నవ్వాడు. ఆ ఆవలింతను ఉంచేశారు. ఒక క్షణంలో అరిచి భయపెట్టే వాడే ఇంకో క్షణంలో నిద్రొస్తున్న పిల్లాడు. ఆ రెండూ ఒకే శరీరంలో ఉండటం మనకు ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది. పాతికేళ్ల నటుడికి ఎంత ప్రతిభ ఉన్నా ఆ ఆవలింత రాదు. పదిహేనేళ్లకే అతనికి ఎమ్మీ వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు. రెండో ఎపిసోడ్‌లో కేసు చూస్తున్న డిటెక్టివ్‌కు అతని కొడుకు ఎమోజీల అర్థాలు వివరించే చోట మాత్రం కొంచెం పాఠం వాసన వచ్చింది.

తెలుగులో 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్’ నాకు నిజమైన సంతోషం. మధ్యతరగతి టీచరు ఇంట్లో ముగ్గురు పిల్లలు వాళ్ల వయసుకు తగ్గట్టే అబద్ధాలాడతారు, అలుగుతారు. అయితే అది గడిచిపోయిన కాలం మీద ప్రేమతో తీసింది. ఇవాళ్టి పిల్లల కథలు ఇంకా రాయకుండానే మిగిలి ఉన్నాయి. తెల్లారకముందే స్టడీ అవర్‌కు లేచి, వీక్లీ టెస్ట్ ర్యాంకు చూసుకుని, ఇంటికి ఫోన్ చేసి బాగానే తింటున్నానని చెప్పే ఇంటర్ హాస్టల్ అమ్మాయి మన తెరపై నాకు ఇంతవరకూ మనసు నిండేలా కనిపించలేదు. ఆ పాత్ర రాయండి, పదహారేళ్ల పిల్లకే ఇవ్వండి. ఆమె గంటల్ని బట్టి షెడ్యూల్ వేసుకోండి. ఇంటర్ రెండేళ్లూ లీప్ లేకుండా చూపించండి.